ఔర్ధ్వదైహికం: మాట వాళ్లది, మోత మనది

(సుబేదారిలో పల్లెల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూసున్న ఈ జాగ పేరు సుబేదారి. నిజాం ఏలుబడిలో వరంగల్ సుబాకు పెద్ద అధికారి సుబేదారు. ఆయన ఉన్న చోటు గనుక సుబేదారి. సుబాలు పోయినయి, సుబేదార్లు పోయిండ్రు, పేరు మాత్రం నిలిచింది. పల్లెల నుంచి దరఖాస్తు చేతబట్టుకొని ఇటు దిక్కు నడిచొచ్చుడు కూడా నిలిచింది. పింఛన్ల కోసం వస్తం, పట్టాల కోసం వస్తం, బొందలగడ్డ కోసం కూడా వస్తం. బతికినోళ్ల జాగకే దిక్కు లేదు, సచ్చినోళ్ల జాగ గురించి ఏం మాట్లాడుతరు అని కొందరు నవ్వుతరు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. అయితే భూమి దగ్గరికి పోయే ముందు ఒక మాట దగ్గర ఆగుదాం. ఆ మాట 'ఔర్ధ్వదైహికం'.

ఒకసారి అందరూ పలకండి. నోరు తిరుగుతలేదు గదా! ఫికరు పడకండి, మన నోటి కోసం పుట్టిన మాట కాదది. పురాణాల వచనాల్లో, పాత కావ్యాల్లో, పురోహితులు చేతబట్టుకునే పుస్తకాల్లో కనబడుతది. ఫలానా రాజు తన తండ్రికి ఔర్ధ్వదైహిక క్రియలు జరిపించెను అన్నట్టు రాస్తరు. చనిపోయిన మనిషికి చేయవలసిన కర్మలు అని దానర్థం. మన మాటల్లో చెప్పుకుంటే సావు, దినాలు.

మాటను విప్పి చూద్దాం. ఊర్ధ్వం అంటే పైన, ఆ తర్వాత అని. దేహం అంటే ఒళ్లు. లోకం నుంచి లౌకికం వచ్చినట్టు, దినం నుంచి దైనికం వచ్చినట్టు దేహం నుంచి దైహికం వచ్చింది. ఒళ్లు విడిచినంక జరిగేది గనుక ఔర్ధ్వదైహికం. ఔర్ధ్వదేహికం అని రాసేటోళ్లు కూడా ఉన్నరు. రెండూ ఒకటే.

దీనికి అన్నదమ్ముల్లాంటి మాటలు ఇంకా ఉన్నయి. అపరకర్మ, ఉత్తరక్రియలు, అంత్యేష్టి, అంత్యక్రియలు. అపరం అన్నా ఉత్తరం అన్నా తర్వాతిది అనే. పేపర్ల పుణ్యాన చివరిది మనకందరికీ తెలుసు. అంత్యేష్టి సంగతి మాత్రం కొంచెం నిదానంగా చూడాలె. అంత్య, ఇష్టి అని రెండు మాటలు కలిస్తే అంత్యేష్టి. ఇష్టి అంటే యజ్ఞం. కొడుకుల కోసం దశరథుడు చేసింది పుత్రకామేష్టి అని హరికథల్లో విన్నరు గదా, ఆ ఇష్టే ఇది. చివరి యజ్ఞం అన్న మాట. ఇంట్లో మూడు అగ్నులు నిలబెట్టుకొని బతికినన్నాళ్లు వాటిల్ల నెయ్యి, అన్నం వేసిన మనిషి చచ్చిపోతే, ఆఖరికి ఆయన ఒంటినే ఆ అగ్నులకు అర్పిస్తరు. అందుకని అంత్యేష్టి.

ఇప్పుడు చెప్పండి. యజ్ఞం చేసే హక్కే లేనోడికి చివరి యజ్ఞం ఎక్కడిది? వేదం వినొద్దన్న మనిషికి వేదమంత్రంతో సాగనంపుడు ఎక్కడిది? అంటే ఈ మాటలు చావుకు పెట్టిన పేర్లు కావు. కొందరి చావుకు పెట్టిన పేర్లు. చావు అందరికీ ఒకటే అని వేదాంతం చెప్తరు. ఆ వేదాంతం చెప్పే పుస్తకాల్లోనే చావును నాలుగు ముక్కలు చేసి కులానికొకటి పంచిండ్రు.

ఉత్త మాటతో అంటలేం. మనుస్మృతి అయిదో అధ్యాయం చూడండి. ఇంట్లో చావు జరిగితే ఎన్ని రోజులు మైల? బ్రాహ్మణుడికి 10 రోజులు, క్షత్రియుడికి 12, వైశ్యుడికి 15, శూద్రుడికి ఒక నెల. దుఃఖానికి కూడా కులాన్ని బట్టి రోజులు లెక్కగట్టిండ్రు. కూలికి పోతే గాని పొయ్యి ముట్టించని ఇంట్లో నెల రోజులు మైలబట్టి కూసుంటే ఆ ఇల్లు ఏం తిని బతకాలె? ఆ లెక్కలో మనం అసలే లేం. నాలుగు వర్ణాలతోనే లెక్క బందయింది. అదే అధ్యాయంలో శూద్రుడి శవాన్ని ఊరి దక్షిణపు వాకిలి నుంచి తీసుకపోవాలన్నరు. మిగిలిన మూడు వర్ణాలకు మిగిలిన మూడు వాకిళ్లు. పీనుగ నడిచే తొవ్వకు కూడా కులం ఉన్నది.

మన పేరు ఎక్కడ వస్తది మరి? పదో అధ్యాయంలో వస్తది. దిక్కులేని శవాలను చండాలుడు మోయాలె, వాడి ఒంటి మీద బట్ట పీనుగ మీది బట్టే కావాలె అని అక్కడ రాసి ఉన్నది. శ్మశానంలో పనిచేసే మనిషికి ఒక పేరు కూడా పెట్టిండ్రు: అంత్యావసాయి. వెలివేసినోళ్లు కూడా వాణ్ని ఈసడించుకోవాలట. మనల్ని మొత్తంగా పిలిచే ఇంకో పేరు అంత్యజుడు, ఆఖరున పుట్టినోడు. చూసిండ్రా, అంత్యేష్టిలో ఉన్నది అంత్యే, అంత్యజుడిలో ఉన్నదీ అంత్యే. వాళ్ల చావు దగ్గర కూసున్న 'అంత్య' పూజ అయింది. మన పుట్టుక దగ్గర కూసున్న 'అంత్య' తిట్టు అయింది. అక్షరాలు అవే, కూసున్న చోటు మారింది. ఈ పుస్తకాన్ని బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఊరికే తగలబెట్టించలేదు.

పేరు లేని పని

పుస్తకం మూసేసి ఇక మన ఊరికి పోదాం. ఊళ్లో పెద్దింట్లో ఒక సావు జరిగిందనుకోండి. ఏమేం పనులుంటయో లెక్కబెడదాం.

మొదలు కబురు. పక్కూర్లకు, చుట్టాలిండ్లకు సావు కబురు మోసేదెవరు? ఇవాళ చేతిలో ఫోనున్నది గని, మొన్నమొన్నటి దాకా రాత్రనక, వానదనక కాలినడకన పోయింది మాలమాదిగలు. తర్వాత డప్పు. సావుకు వేరే దరువు, పెండ్లికి వేరే దరువు, జాతరకు వేరే దరువు. దరువు వింటేనే ఏ వాడలోనో మనిషి పోయిండని ఊరు పసిగడ్తది. తర్వాత పాడె కట్టుడు, కట్టె కొట్టి మోసుడు, లేదంటే బొంద తవ్వుడు. నడి ఎండలో మొరం నేలను గడ్డపారతో ఆరడుగులు దించి చూస్తే తెలుస్తది అది ఎంత పనో. కాలబెట్టే కాడ కట్టె పేర్చుడు, మంట తక్కువైతే ఎగదోసుడు, కాలేదాకా కాపలా ఉండుడు. అందరూ తానాలు చేసి ఇండ్లకు పోయినంక కూడా అక్కడ ఉండేది మనమే.

మన ఎస్సీ జాబితాలో బ్యాగర అనే కులం ఉన్నది. సావు కబురు చెప్పుడు, బొందలు తవ్వుడు ఆ కులం మీద మోపిన పనులు. తరాలు తరాలు ఆ పని చేసిండ్రు. దానికి కూలి అని పేరు లేదు. ఇంత గింజలో, ఒక పాత బట్టో, ఒక ముంత కల్లో. అడిగితే ఆనవాయితీ అంటరు. నిజాం కాలంలో దీన్నే బేగార్ అన్నరు, వెట్టి అన్నరు.

ఇప్పుడు మళ్లా ఆ పెద్ద మాట దగ్గరికి రాండి. ఔర్ధ్వదైహిక క్రియలు! క్రియ అంటే పని. ఆ క్రియల్లో మన పని ఏదన్న ఉన్నదా? మంత్రం చదివితే క్రియ. పిండం పెడితే క్రియ. నువ్వులు, నీళ్లు వదిలితే క్రియ. గుంత తవ్వితే క్రియ కాదు. డప్పు కొడితే క్రియ కాదు. మంత్రం చదివినాయనకు దక్షిణ అని పేరున్న సొమ్ము ముడుతది. గుంత తవ్వినాయనకు పేరు లేని గింజలు పడుతయి. మనం ఇవాళ చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. పనికి పేరు లేకపోతే కూలి ఉండదు. కూలి లేకపోతే ఎదురు చెప్పే హక్కు ఉండదు. పేరు పెట్టుడు ఉత్త పండితుల పని అనుకుంటే మోసపోతం.

2020, 2021లో కరోనా వచ్చినప్పుడు ఈ సంగతి దేశం మొత్తానికి కనబడ్డది. ముట్టడానికి సొంతోళ్లు భయపడ్డ శవాలను సంచుల్లో చుట్టి, మోసి, కాలబెట్టింది, పూడ్చింది ఎవరు? ఆసుపత్రుల్లో, మున్సిపాలిటీల్లో పనిచేసే సఫాయి కార్మికులు, కాటికాపరులు. అందులో మనోళ్లు ఎంతమందో మీకు వేరే చెప్పాల్నా? మంత్రం లేకుండా మనిషిని సాగనంపవచ్చని, పని లేకుండా సాగనంపలేమని ఆ రెండేండ్లు చెప్పినయి.

మన మాటలు

మనకు మాటలు లేక వాళ్ల మాటలు అరువు తెచ్చుకుంటున్నమా? లేవని ఎవరన్నరు? పాడె, కట్టె, పీనుగ, బొంద, తలకొరివి, సాక పోసుడు, పిట్టకు పెట్టుడు, మూడొద్దులు, దినాలు, పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చుడు. ఇవన్నీ మన మాటలే. ఇందులో ఏదీ చిన్న మాట కాదు.

దింపుడుకల్లం సంగతి చూడండి. పాడెను సగం తొవ్వలో దించుతరు. దగ్గరి మనిషి పోయినాయన చెవి కాడికి వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తడు. ఒకవేళ ప్రాణం ఉండి పలుకుతడేమో అని. పలకడని తెలిసీ పిలుస్తరు. దింపుడుకల్లం ఆశ అని సామెత అందుకే వచ్చింది. మనిషిని మట్టిలో పెట్టే ముందు ఇంకోసారి చూసి పొమ్మని చెప్పే ఆచారానికి ఇంత ముద్దైన తెలుగు మాట ఉన్నది. 'ఔర్ధ్వదైహికం'లో ఆ పిలుపు వినపడ్తదా?

ఇంకొకటి, మన ఆడోళ్ల శోకాలు. ఒక తల్లి రాగం తీసి ఏడుస్తుంటే వినండి. పోయిన మనిషి ఏ చేన్ల పనిచేసిండు, ఏ దొర దగ్గర జీతమున్నడు, ఎవరికి ఏం పెట్టిండు, ఏ కోరిక తీరకుండ పోయిండు, అన్నీ ఆ ఏడుపులో ఉంటయి. పురోహితుడు గోత్రం, పేరు అడుగుతడు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పించుకొని పని కానిస్తడు. ఆ తల్లి గోత్రం అడగది, బతుకు చెప్తది. మన చరిత్ర రాసిపెట్టినోడు లేడని బాధపడుతం. మన చరిత్ర సగం ఈ శోకాల్లోనే ఉన్నది. సావు కాడ ఆడోళ్లు ఏడుస్తుంటే 'ఇగ ఆపండి' అని కసిరే మగోళ్లు మనలో కూడా ఉన్నరు. ఆ అలవాటు మానుకోవాలె.

పేపర్ల భాష మీద కూడా ఒక మాట. ఒకాయన 'పరమపదించారు', ఒకాయన 'అస్తమించారు', ఒకాయన 'మరణించాడు', మనోడు 'మృతి'. ఒకాయనది 'పార్థివదేహం', ఒకాయనది 'భౌతికకాయం', మనోడిది 'శవం'. ఒకాయనకు 'అశ్రునయనాల మధ్య అంత్యక్రియలు', మనోణ్ని 'పూడ్చిపెట్టారు'. అయితే పార్థివం అంటే ఏందో తెలుసా? పృథివి అంటే మట్టి. పృథివి నుంచి పార్థివం. మట్టి ఒళ్లు అని తప్ప అందులో ఏం గొప్పతనం లేదు. ఎంత పెద్దాయనకు ఎంత పెద్ద మాట కట్టినా విప్పి చూస్తే లోపల మట్టే ఉన్నది. మనోళ్లు పోయినప్పుడు మర్యాదగా 'కన్నుమూసిండు' అందాం, 'మనల్ని విడిచిపోయింది' అందాం. కరపత్రం రాసే తమ్ముళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఊరి పెద్దకు 'గారు' అని రాసి, మన అమరుడికి 'వాడు' అని రాసే కలం మనకొద్దు.

హరిశ్చంద్రుడు, వీరబాహుడు

హరిశ్చంద్ర నాటకం చూడని ఊరు తక్కువ. రాజు కాటికాపరి అయిండని, కన్నకొడుకు శవానికే కాటిసుంకం అడిగిండని జనం వెక్కివెక్కి ఏడుస్తరు. కాటి సీనులో ఎక్కువగా పాడే పద్యాలు మన గుర్రం జాషువా రాసినవే. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి నటులు వాటిని తెచ్చుకున్నరు. వినుకొండలో 1895లో పుట్టి, అంటరానితనం రుచి చూసిన కవి రాసిన పద్యం పాడితే తప్ప ఆ సీను పండదు. ఆ సంగతి గర్వంగా చెప్పుకుందాం.

గని ఒకటి అడుగుదాం. రాజు కొన్నాళ్లు కాటికాపరి పని చేస్తే ఊరంత ఏడ్చింది. ఆ కాటికి యజమాని వీరబాహుడు, వాడి తండ్రి, వాడి తాత అదే పని చేసిండ్రు గదా, వాళ్ల కోసం ఒక్క పద్యమన్న ఉన్నదా? రాజు తన కులానికి తగని పని చేస్తున్నడని ఏడుపు. మన కులానికి అది తగిన పని అని లోకం ఒప్పుకున్నది. ఆ ఒప్పుకోలు మీద మన కొట్లాట.

క్రియ నుంచి హక్కు దాకా

ఇగ చట్టం సంగతి. కార్యకర్తలు ఇది నోటికి పెట్టుకోవాలె.

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది, 1976లో దాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చిండ్రు. దాని 4వ సెక్షన్‌లో బాయి, చెరువు, బాటతో పాటు శ్మశానం కూడా ఉన్నది. అందరూ వాడుకునే శ్మశానానికి అంటరానితనం పేరుతో రానియ్యకపోతే నేరం. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి అమలైంది. ఆ సవరణతో 3(1) సెక్షన్‌లో మనం గుర్తుంచుకోవలసినవి మూడున్నయి. మనతో వెట్టి చేయిస్తే నేరం. మనిషి శవాన్ని గాని పశువు కళేబరాన్ని గాని మోయమని, బొందలు తవ్వమని బలవంతపెడితే నేరం. శ్మశానాన్ని ఇతరులతో సమానంగా వాడుకోనియ్యకపోతే నేరం.

గమనించిండ్రా? పుస్తకాల్లో పేరు లేని పని చట్టంలో పేరుతో ఎక్కింది. 'బొంద తవ్వుడు' అనే పని ఔర్ధ్వదైహికంలో లేదు, పార్లమెంటు చేసిన చట్టంలో ఉన్నది. అది ఎవరో దయతలచి రాసింది కాదు. పల్లెల్లో మనోళ్లు తిన్న దెబ్బలు, చేసిన పోరాటాలు ఆ అక్షరాలైనయి.

అయినా చట్టం ఒక్కటే ఉంటే సరిపోదని రెండు సంగతులు చెప్తయి. 2019 ఆగస్టులో తమిళనాడులో, వాణియంబాడి దగ్గర నారాయణపురంలో ఒక దళితుడు చనిపోతే శ్మశానానికి పోయే తొవ్వలో ఉన్న పొలాలోళ్లు దారి ఇయ్యలేదు. శవాన్ని పాలారు వంతెన మీది నుంచి తాళ్లు కట్టి కిందికి దించిండ్రు. ఆ బొమ్మ దేశమంతా చూసింది, మద్రాసు హైకోర్టు తనంత తాను కేసు తీసుకున్నది. అక్కడ శ్మశానం ఉన్నది, దారి లేదు. దారి లేని శ్మశానం కాగితం మీది శ్మశానమే.

రెండోది హత్రాస్. 2020 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్ హత్రాస్ జిల్లాలో అఘాయిత్యానికి గురైన మన దళిత బిడ్డ సెప్టెంబర్ 29న ఢిల్లీ ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. ఆ రాత్రే, తెల్లారకముందే, పోలీసులు ఊళ్లో ఆమెను కాలబెట్టిండ్రు. ఇంటోళ్లు తమ బిడ్డను ఆఖరుసారి ఇంటికి తేనియ్యమని మొత్తుకున్నా వినలేదు. అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి తనంత తాను కేసు తీసుకున్నది. ఆ కేసుకు కోర్టు పెట్టిన పేరే 'మర్యాదగల, గౌరవప్రదమైన అంత్యక్రియల హక్కు' అని. ఒకప్పుడు మనకు దక్కని మాట ఇవాళ మన బిడ్డ పేరు మీద హక్కుగా కోర్టుకెక్కింది. ఎంత ఖరీదు పెట్టి!

చుండూరు చెప్పిన పాఠం

అంత్యక్రియ అంటే చివరి పని. మన ఉద్యమంలో మాత్రం అది ఎన్నోసార్లు మొదటి పని అయింది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను నరికి చంపిండ్రు. వాళ్లను ఎక్కడో ఊరవతల, కంటికి కనపడని చోట పూడ్చలేదు. ఊరి నడుమ సమాధి చేసిండ్రు. ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. ఏ పండితుణ్ని అడిగి పెట్టలేదు. కేసు ప్రత్యేక కోర్టులో నడిచి 2007లో 21 మందికి యావజ్జీవం పడ్డది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలిపెట్టింది. తీర్పు మారింది, నేల పేరు మారలేదు. ఇవాళ కూడా ఆ పేరు పలికితే ఏం జరిగిందో చెప్పాల్సి వస్తది. పేరుకు ఉన్న బలం అది.

బాబాసాహెబ్ కూడా ఈ సంగతి ఆలోచించి పెట్టిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అనేది. చావు కాడ మన దుఃఖాన్ని ఇంకొకడు వ్యాపారం చేసుకోవద్దనే ఆ మాట. అదే ఏడు డిసెంబర్ 6న ఆయన పోయిండు. మర్నాడు బొంబాయి దాదర్ సముద్రపు ఒడ్డున బౌద్ధ పద్ధతిలో దహనం చేసిండ్రు. ఆ చోటు చైత్యభూమి అయింది. ఏటా డిసెంబర్ 6కు లక్షలమంది అక్కడికి పోతరు.

మన ఇంట్లో మాట

వాళ్లను అన్నం, ఇగ మన ఇల్లు చూసుకుందాం. ఈ మధ్య మన వాడల్లో కూడా దశదిన కర్మ అని కార్డులు కొట్టిస్తున్నరు, ఫ్లెక్సీలు కట్టిస్తున్నరు. ఆ పది రోజుల లెక్క ఎక్కడిదో తెలుసా? చనిపోయినాయన ప్రేతంగా ఉంటడట, రోజుకో పిండం పెడితే పది రోజుల్లో ఆయనకు కొత్త ఒళ్లు అమరుతదట. పన్నెండో రోజు పితృదేవతల్లో కలుపుతరట. ఉన్న ఒంటికి బతికినన్నాళ్లు గంజి పోయని సంఘం, లేని ఒంటికి పిండాలు పెట్టమంటది. దాని కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తేవాల్నా? తండ్రి పోయిన దుఃఖం ఏడాదిలో సల్లారుతది గని, తండ్రి దినాలకు చేసిన అప్పు సల్లారదు.

పెట్టొద్దని చెప్పడానికి మేమెవరం? పూడ్చుకునేటోళ్లు పూడ్చుకోండి, కాలబెట్టుకునేటోళ్లు కాలబెట్టుకోండి. చర్చికి పోయేటోళ్లు ప్రార్థన పెట్టుకోండి, బౌద్ధులు త్రిశరణం చెప్పుకోండి, పాత పద్ధతి ఇష్టమైనోళ్లు పిట్టకు పెట్టుకోండి. మేం అడిగేది ఒక్కటే. పరువు కోసం అప్పు చేయకండి. పెద్ద మాట కార్డు మీద ఉంటే పెద్దోళ్లమైనమని అనుకోకండి. ఆ ఖర్చులో సగం పోయినాయన పేరు మీద పిల్లల చదువుకు పెడితే ఆయన ఇంకో తరం బతుకుతడు.

డప్పు సంగతి కూడా తేల్చుకోవాలె. సావు డప్పు మానెయ్యాలని కొందరు తమ్ముళ్లంటరు. డప్పు మన కళ, మానొద్దని కొందరంటరు. రెండు మాటల్లోనూ న్యాయం ఉన్నది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి మాదిగ దండోరా లేచినప్పుడు ఈ డప్పే ఉద్యమానికి గుర్తు అయింది. సిగ్గుపడాల్సింది డప్పుతో కాదు, డప్పు కొట్టమని ఆర్డరేసే నోటితో. కొట్టాల్నా వద్దా అనేది కొట్టేటోడి ఇష్టం. కొడితే ముందే మాట్లాడుకున్న కూలి చేతిలో పడాలె. ముంత కల్లుతో సరిపెట్టే రోజులు పోవాలె. కొట్టనంటే ఊరు వెలివేస్తే, కూలికి పిలువకపోతే, దాన్ని చూస్తూ ఊరుకోవద్దు, పైన చెప్పిన చట్టం పట్టుకొని ఠాణాకు పోవాలె. ఒక్కడే పోతే బెదిరిస్తరు, వాడంత కలిసి పోవాలె.

ఇక చేయాల్సిన పని

2019 నుంచి పల్లె ప్రగతి కింద తెలంగాణలో ఊరూరికీ వైకుంఠధామాలు కట్టిండ్రు. షెడ్డు, నీళ్లు, తానాల గదులు ఏర్పాటు కావడం మంచిదే, కాదనం. పేరు మాత్రం ఒక మతం పేరు. ఊళ్లో అందరూ వైకుంఠానికే పోవాలని ఎవరు తీర్మానించిండ్రు? మన బొందలగడ్డలో పడుకున్న పెద్దలు ఏ ధామానికీ టికెట్టు అడగలేదు. అయినా పేరు మీద పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. ముందు మీ ఊళ్లకు పోయి లెక్క తీయండి.

ఒకటి: మీ బొందలగడ్డ ఏ సర్వే నంబరులో ఉన్నది, ఎన్ని గుంటలు, రెవెన్యూ రికార్డులో ఏమని రాసి ఉన్నది? రాయించకపోతే రేపు అది ఎవరి చేనులోనో కలుస్తది.

రెండు: తొవ్వ ఉన్నదా? ఎవరి పొలం గట్టు మీది నుంచి పోతున్నరు? వానకాలం వాగు వస్తే పాడె ఎట్ల దాటుతది?

మూడు: ఊళ్లో కట్టిన వైకుంఠధామంలో మనోళ్లను కాలబెట్టనిస్తున్నరా? మాట వరసకు కాదు, ఇప్పటిదాకా ఎంతమందిని అక్కడికి తీసుకపోయిండ్రు?

నాలుగు: బొంద తవ్వేది, డప్పు కొట్టేది ఎవరు? ఎంత ఇస్తున్నరు? వద్దంటే ఏమైతది?

అయిదు: దరఖాస్తులో 'అంత్యక్రియలకు ఇబ్బంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఆ మాట ఆఫీసుల్లో చదివి పక్కకు పెడతరు. తొవ్వ ఇన్ని గజాలు కావాలె, బోరు కావాలె, హద్దురాళ్లు కావాలె, ఫలానా సర్వే నంబరు, ఫలానా సెక్షన్ అని పని పేరు పెట్టి రాయండి. పేరు పెట్టి అడిగినదానికి జవాబు చెప్పక తప్పదు.

ఔర్ధ్వదైహికం అనే మాట తెలుసుకున్నం గనుక ఎవరన్న మన ముందు అది విసిరితే బెదరం. అర్థం చెప్తం, ఆ అర్థంలో మా పని ఎక్కడున్నదని తిరిగి అడుగుతం. ఆ మాటను మాత్రం మోయనవసరం లేదు. తరాలుగా మోసింది చాలు.

మీ ఊరి లెక్క ఒక తెల్లకాగితం మీద రాసి వచ్చే పక్షం లోపల పంపండి. అక్షరదోషాలున్నా ఫరవాలేదు, అచ్చేస్తం. అన్ని ఊర్ల కాగితాలు ఒక్క కట్టగా కట్టి, మళ్లా ఇదే సుబేదారికి అందరం కలిసి వద్దాం.

జై భీమ్!